ఆగిన చీటీ ఎవరి దగ్గరుంది?

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం చిత్తూరు, తిరుపతి జిల్లాల నుంచి వచ్చాయి. అన్నిట్లోనూ ఒకటే గోడు: మనుషులు మంచివాళ్లే, పని మాత్రం కలవడం లేదు. పేర్లు తీసేసి ఊళ్లు ఉంచాం.

ప్రశ్న: మాది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. జూన్ మొదట్లో తోతాపురి దిగేసరికి అన్నీ సిద్ధంగా ఉండాలని జనవరిలోనే ప్లాను గీస్తాం. అయినా ప్రతి ఏడాదీ చివరి పది రోజులు రాత్రింబవళ్లు ఉరుకులే. మెయింటెనెన్సు వాళ్లు పర్చేజిని అంటారు, పర్చేజి వాళ్లు స్టోర్సుని అంటారు. ప్రాజెక్టు యాప్ కొన్నాం, 60 మందితో వాట్సాప్ గ్రూపు కూడా ఉంది. కలిసి పనిచేసే అలవాటు ఎట్లా తేవాలి? – ఒక మేనేజరు, పూతలపట్టు

జవాబు: ప్లాను గీస్తాం అన్నారు. ఎవరు గీస్తున్నారు? చాలా చోట్ల మేనేజరూ ఒక ఇంజినీరూ కూర్చుని ఎక్సెల్‌లో గీతలు గీసి, ఫిట్టరును పిలిచి తేదీ చెబుతారు. ఆ తేదీ ఫిట్టరుది కాదు. అది తప్పిపోతుందని అతనికి పది రోజుల ముందే తెలిసినా వచ్చి చెప్పాలనిపించదు.

ఒక్క వస్తువును దగ్గరగా చూడండి. గుజ్జు పంపుకు మెకానికల్ సీల్ (తిరిగే ఇరుసు దగ్గర గుజ్జు కారకుండా ఆపేది) మార్చాలి. ఏప్రిల్ మీటింగులో "సీల్ అయింది సార్" అంటాడు పర్చేజి మనిషి. ఆర్డరు వెళ్లిందని అతని భావం. స్టోర్సు మనిషికి అయిందంటే పెట్టె వచ్చి అల్మరాలో చేరింది. ఫిట్టరుకు అయిందంటే బిగించేశాడు. ప్రొడక్షను వాళ్లకు, పంపు నడిచినా చుక్క కారకూడదు. నలుగురూ "అయింది" అనే అన్నారు, మే 28న పంపు కారింది. ఎవరూ అబద్ధం ఆడలేదు కాబట్టి ఎవరిని తిట్టినా వచ్చే ఏడాది మళ్లీ కారుతుంది.

అందుకని ప్రతి పనికీ ఒక చీటీ రాయించండి. ఏ4 కాగితంలో నాలుగో వంతు చాలు, ఆరడుగుల దూరం నుంచి చదవగలిగేలా మార్కరుతో రాయాలి. దాని మీద పని, ఒకే ఒక్క మనిషి పేరు, తేదీ, "అయింది అంటే" ఏమిటో చెప్పే ఒక్క వాక్యం ఉండాలి. సీల్ చీటీ మీద ఆ వాక్యం ఇట్లా ఉంటుంది: "నీళ్లతో 2 గంటలు నడిపాం, చుక్క కారలేదు, షిఫ్టు ఇన్‌చార్జి చూశారు." పేరు ఉండాల్సిన చోట "మెయింటెనెన్సు డిపార్టుమెంటు" అని రాయనివ్వకండి. డిపార్టుమెంటుకు ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు ఉండరు.

ఫిబ్రవరిలో ఒక పూట, మూడు గంటలు కేటాయించండి. ఫిట్టరు, ఎలక్ట్రీషియను, బాయిలరు అటెండెంటు, ల్యాబు, స్టోర్సు, పర్చేజి, కాంట్రాక్టు మేస్త్రి అందరూ ఉండాలి. పెద్ద గోడకు కుడి చివర "తొలి లారీ" అని చీటీ అంటించి, అక్కడి నుంచి ఎడమకు, అంటే రోజుల్లో వెనక్కి నడవండి. తొలి లారీ గేటు దాటాలంటే అప్పటికి ఏం ముగిసి ఉండాలి? స్టెరిలైజరుకూ ఎసెప్టిక్ ఫిల్లరుకూ (క్రిములు చేరకుండా గుజ్జు నింపే మిషనుకూ) నీళ్ల ట్రయల్, కనీసం వారం ముందు. ట్రయల్‌కు ఆవిరి కావాలి. ఆవిరికి బాయిలరు సర్టిఫికెట్ కావాలి. అది సాధారణంగా ఏడాదికే చెల్లుతుంది. తనిఖీ నాటికి బాయిలరును చల్లార్చి, నీళ్లు తీసేసి, లోపల శుభ్రం చేసి చూపించాలి. సరిగ్గా ఇక్కడ మొదటి తగాదా బయటపడుతుంది: గుజ్జును చిక్కబరిచే ఎవాపరేటరును పరీక్షించడానికి మెయింటెనెన్సు వాళ్లు ఆవిరి అడిగిన వారమే బాయిలరు చల్లారి ఉంటుంది. ఫిబ్రవరిలో గోడ మీద పడితే అది పది నిమిషాల మాట. మే నెలలో పడితే నాలుగు రోజులు పోతాయి. కరెంటు అదనపు లోడ్, లేబులు ప్రింటింగు, 215 కిలోల డ్రమ్ములకు ఎసెప్టిక్ సంచులు, ల్యాబు థర్మామీటర్ల కాలిబ్రేషను, ఇవన్నీ ఇట్లాగే వెనక్కి నడిచినప్పుడే గుర్తుకొస్తాయి.

ఇది మా సొంత తెలివి కాదు. 1990ల్లో అమెరికాలో గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ కట్టడాల పనుల కోసం రూపొందించిన లాస్ట్ ప్లానర్ పద్ధతిలోది. చివరి ప్లానరు అంటే ఎండీ కాదు, రేపు ఎవరు ఏ పని పట్టుకోవాలో చెప్పే మేస్త్రి.

ఆ తర్వాత చీటీలన్నీ ఒక బోర్డు మీదికి ఎక్కుతాయి. నాలుగు గడులు: చేయాలి, చేస్తున్నాం, ఆగింది, అయింది. "చేస్తున్నాం" గడిలో ఒక మనిషి పేరుతో మూడు చీటీలకు మించి ఉండకూడదు. నాలుగోది కావాలంటే ఒకటి ముగించాలి, లేదా ఒకటి ఆగిందని ఒప్పుకోవాలి. మొదట్లో అందరూ దీన్ని చాదస్తం అంటారు. పదిహేను పనులు మొదలుపెట్టి ఒక్కటీ ముగించని మనిషి ఎవరో వారంలో కనబడ్డాక నోరు మూస్తారు.

ఉదయం 8:45కు బోర్డు ముందు నిలబడి పదిహేను నిమిషాలు మాట్లాడుకోండి. బోర్డును కుడి నుంచి ఎడమకు చదవాలి, ముగింపుకు దగ్గరున్న పని ముందు రావాలి. నిన్న ఏం చేశానో ఎవరూ చదివి వినిపించక్కర్లేదు. "ఆగింది" గడిలో ఉన్న ప్రతి చీటీకీ ఒకటే ప్రశ్న: ఎవరి దగ్గర ఆగింది, ఎప్పటికి కదులుతుంది? పరిష్కారం అక్కడ వెతకొద్దు, సంబంధించిన ఇద్దరు ముగ్గురు తర్వాత ఉండి మాట్లాడుకుంటారు. ఈ కట్టడి సడలితే పదిహేను నిమిషాలు యాభై అవుతాయి, మూడో వారానికి సగం మంది రారు. మీటింగులు చచ్చేది ఎక్కువగా ఈ జబ్బుతోనే.

తేదీ మారితే పాతదాన్ని కొట్టేసి పక్కన కొత్తది రాయండి. చెరిపేయొద్దు. మూడో కొట్టివేత పడిన చీటీ నేరుగా మీ చేతికి రావాలి. దాన్ని సంజాయిషీ కాగితంగా వాడకండి. అక్కడ ఆ మనిషి చేతిలో లేనిదేదో అడ్డుపడుతోంది, దాన్ని తీయాల్సింది మీరు.

శనివారం లెక్క చూసుకోండి. ఆ వారం 20 మాటలు ఇచ్చి 12 నిలబెట్టుకుంటే 60 శాతం. మిగతా ఎనిమిది ఎందుకు తప్పాయో ఒక్కొక్క మాటలో రాయండి: సరుకు రాలేదు, ముందు పని కాలేదు, మనిషి లేడు, చెప్పింది అర్థం కాలేదు. నాలుగు వారాలు రాస్తే కుప్ప ఒక కారణం కింద పడుతుంది. ఆ ఒక్కదాన్నే పట్టుకోండి. ఈ శాతాన్ని బోనసుకు మాత్రం ముడిపెట్టొద్దు. ముడిపెట్టిన మర్నాటి నుంచి అందరూ తేలికైన మాటలే ఇస్తారు. లెక్క 95కు ఎగబాకుతుంది, పంపు కారుతూనే ఉంటుంది.

వాట్సాప్ గ్రూపు ఉంచుకోండి, ఫొటోలకూ అత్యవసరాలకూ పనికొస్తుంది. అక్కడ పని ఒప్పజెప్పడం మాత్రం మానేయండి. బొటనవేలు గుర్తు పెట్టినవాడు చూశానన్నాడు, చేస్తానని అనలేదు. చీటీ రాయని పని లేనట్టే లెక్క.

మీ వైపు కాంట్రాక్టు ఫిట్టర్లు చాలామంది వేలూరు, రాణిపేట నుంచి వస్తారు కదా. చీటీ మీద తెలుగు పక్కనే తమిళంలో ఒక ముక్క రాయించండి. "అయింది అంటే" వాక్యం అర్థం కాక ఊఁ కొట్టిన ఫిట్టరు ఏం చేస్తాడో మీకు తెలియనిది కాదు.

అలవాటు పడిందో లేదో తెలుసుకోవడానికి గుర్తు చెప్పమంటే ఒకటుంది. మీరు ఊళ్లో లేని రోజు కూడా 8:45కు ఆ పదిహేను నిమిషాలు జరిగాయా అని వాచ్‌మన్‌ను అడగండి.

ప్రశ్న: నేను పర్చేజిలో ఉన్నా. పైవాళ్లు చెప్పే బోర్డులూ మీటింగులూ మాకూ ఉండాయి. తక్కువకు కొంటే మెచ్చుకుంటారు, సీజన్లో సామాను పాడైతే "నీకు సహకారం లేదు" అంటారు. నేనేం చేయాల? – ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మిమ్మల్ని ధర మీద కొలుస్తున్నారు, మెయింటెనెన్సును మిషను ఆగిన గంటల మీద కొలుస్తున్నారు. ఇద్దరూ ఎవరి కొలతలో వాళ్లు నెగ్గితే ఫ్యాక్టరీ ఓడుతుంది. బోర్డు ఎంత బాగున్నా దీన్ని మాన్పలేదు.

గాస్కెట్ సంగతే తీసుకోండి. ఇండెంటులో, అంటే సామాను కావాలని అడిగే ఫారంలో, "రబ్బరు గాస్కెట్, ఫలానా సైజు" అని ఉంటుంది. నైట్రైల్ రబ్బరు చవక, ఆవిరికి ఓర్చుకునే ఈపీడీఎం రబ్బరు కాస్త ఎక్కువ. సైజు ఒకటే, రంగూ తరచుగా ఒకటే. మీరు చవకది కొంటారు, ఇండెంటు ప్రకారం తప్పు లేదు. నైట్రైల్ ఆవిరికి ఓర్చుకోదు. స్టెరిలైజు చేసే వేడికి గట్టిపడి, పగిలి, కారడం మొదలెడుతుంది. ఎసెప్టిక్ లైనులో ఒక్క కారుడుతో శుద్ధి పోయినట్టే. లైను ఆపి, కడిగి, మళ్లీ స్టెరిలైజు చేసుకుని రావాలి. ఈలోపు యార్డులో మాగిన కాయ మీ కోసం ఆగదు.

ఇండెంటు ఫారంలో మూడు గడులు కలపమనండి: ఎక్కడ వాడతారు, ఎంత వేడి, ఏం తగులుతుంది (ఆవిరా, కడిగే కాస్టిక్ సోడానా, గుజ్జా). మెటీరియలు మార్చాలంటే వాడేవాళ్ల సంతకం ఉండాలి. అట్లాగే, ఫలానా కంపెనీదే కావాలని పట్టుబట్టే ఫిట్టరు ఎందుకో ఒక్క వాక్యం రాయాలి. ఈ రెండో నియమం లేకుండా మొదటిది పెడితే మీ మీద ఇంకో బరువు పడుతుందంతే.

ఇక కొలత. సీజన్లో సామాను వల్ల లైను ఆగిన గంటలను రెండు డిపార్టుమెంట్ల మార్కుల్లోనూ సమానంగా చేర్చమని అడగండి. "అర్జంటు కొనుగోళ్లు ఎన్ని" అనేదాన్ని కూడా ఇద్దరి ఖాతాలో రాయించండి. అర్జంటు కొనుగోలులో సగం తప్పు ఆలస్యంగా అడిగినవాడిది. ఇది మీ స్థాయిలో తేలదు, ఎండీ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే కనీసం ఆ గడులైనా పెట్టించుకోండి, రేపు మాట పడకుండా ఉంటారు.

ప్రశ్న: శ్రీసిటీలో ఒక ప్లాంటులో టీమ్ లీడరుగా చేస్తున్నాను. మీటింగులో సార్ అడిగితే అందరూ "అవును సార్" అంటారు. బయటికొచ్చి టీ తాగేటప్పుడు "ఇది అయ్యే పని కాదక్కా" అని నాతో అంటారు. బోర్డు మీద, పని ఇబ్బందుల్లో ఉందని చెప్పే ఎర్ర చీటీ ఒక్కటీ ఉండదు. పైవాళ్లు సంతోషంగా ఉన్నారు, నాకే భయంగా ఉంది. – ఒక పాఠకురాలు, సత్యవేడు

జవాబు: భయపడటం సబబే. హార్వర్డ్‌కు చెందిన ఎయిమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రి బృందాల మీద చేసిన పరిశీలన 1996లో వచ్చింది. మంచి బృందాల్లో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె అనుకున్నారు. లెక్క తిరగబడింది, వాటిలోనే ఎక్కువ నమోదయ్యాయి. అక్కడ పొరపాటును దాచకుండా చెప్పుకునేవారని తర్వాత తేలింది. ఎరుపు లేని బోర్డును చూసి మురిసిపోయే పైవాళ్లకు ఈ ముక్క ఒకసారి వినిపించండి.

"ధైర్యంగా మాట్లాడండి" అని చెప్పి ప్రయోజనం లేదు. పెద్దాయన ముందు కాదనడం మన ఇళ్లల్లోనే నేర్పరు. కాదనకుండానే నిజం బయటికొచ్చే దారి కావాలి. మనస్తత్వవేత్త గ్యారీ క్లైన్ 2007లో వివరించిన ప్రీమార్టమ్, అంటే పని పాడవకముందే చేసే పోస్టుమార్టం, అందుకు బాగా పనికొస్తుంది. అరగంట చాలు.

మొదటి రెండు నిమిషాల్లో సార్ చేతే చెప్పించండి: "ఆరు నెలలు గడిచాయి, ఈ ప్రాజెక్టు ఘోరంగా పాడైంది. ఎందుకు పాడైందో రాయండి." పాడవుతుందా అని అడక్కూడదు. పాడైపోయింది అనాలి, అందులోనే కిటుకంతా ఉంది. పాడవుతుందంటే సార్‌ను కాదన్నట్టు. పాడైపోయిందని సారే అన్నాక కారణం చెప్పడం ఆయన మాట విన్నట్టు. ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా చీటీల మీద రాస్తారు, పేరు వద్దు. తర్వాత చీటీలు కలిపేసి, ఎవరి చేతికొచ్చింది వాళ్లు చదువుతారు. సార్ చిట్టచివర మాట్లాడాలి, అప్పటిదాకా "అట్లా ఎందుకవుతుంది" అనే మాట కూడా ఆయన నోట రాకూడదు. మిగిలిన సమయంలో ఎక్కువ చీటీల్లో కనబడ్డ ఐదు కారణాలు తీసి, ఒక్కోదానికి ఒక మనిషి పేరూ తేదీ పెట్టి బోర్డుకెక్కించండి. ఈ చివరి అడుగు వదిలేస్తే అంతా కాలక్షేపం కింద జమ.

మొదటి ఎర్ర చీటీ పడిన రోజు అందరి కళ్లూ సార్ మీదే ఉంటాయి. ముందే ఆయనతో మాట్లాడి ఒక వాక్యం ఒప్పించుకోండి: "ముందుగా చెప్పావు, మంచిది. నా వైపు నుంచి ఏం కావాలి?" ఆ రోజు ఆయన గొంతు పెరిగిందా, మళ్లీ ఆరు నెలలు అంతా పచ్చగానే కనిపిస్తుంది. మీకు టీ దగ్గర చెప్పేవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా చెప్పకండి. వాళ్లు చెప్పిన విషయాన్ని మీ చీటీగా మీరే అంటించండి.

ప్రశ్న: తిరుపతిలో చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ మాది. ప్రాజెక్టు వెనకబడితే క్లయింటు ఒత్తిడికి ఆరుగురిని చేర్చాం, ఇప్పుడు 14 మందిమి. ఇంకా వెనకబడింది. క్లయింటు న్యూయార్క్‌లో ఉంటారు. – తిరుపతి

జవాబు: ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషులను చేరిస్తే మరింత ఆలస్యమవుతుందని అమెరికా కంప్యూటరు నిపుణుడు ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే హెచ్చరించాడు. లెక్క వేసి చూడండి. 8 మంది ఉన్నప్పుడు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు 28. 14 మందికి 91. పైగా కొత్తవాళ్లకు నేర్పేది మీ దగ్గర బాగా పనిచేసేవాళ్లే కాబట్టి వాళ్ల పనీ ఆగుతుంది.

ఎవరినీ పంపేయక్కర్లేదు. ఏడుగురి చొప్పున రెండు జట్లు చేసి, రెంటి మధ్య ఏ సమాచారం ఏ రూపంలో మారాలో ముందే రాసుకుని, ఇటొకరు అటొకరు మాత్రమే దాని గురించి మాట్లాడుకునేలా పెట్టండి. 21, 21, ఆ ఒక్కటీ కలిపి 43 జతలు. పని విడదీసేటప్పుడు లాగిన్ ఒక జట్టు, బిల్లింగు ఒక జట్టు అన్నట్టు మొదటి నుంచి చివరి దాకా విడదీయండి. కోడ్ రాసేవాళ్లు ఒక జట్టు, టెస్టింగు ఒక జట్టు అన్నారంటే మళ్లీ గోడ కట్టినట్టే.

"90 శాతం అయింది" అనే మాటను నిషేధించండి. ప్రతి పనినీ రెండు రోజుల్లోపు ముక్కలుగా విరిచి, సున్నా లేదా వంద అనే రాయించండి.

న్యూయార్క్‌కూ మనకూ వాళ్ల వేసవిలో 9:30 గంటలు, చలికాలంలో 10:30 గంటలు తేడా. ఇక్కడ ఉదయం తట్టిన సందేహానికి అక్కడ తెల్లారాలి. కాబట్టి సందేహాన్ని ఒంటరిగా పంపకండి. "రేపు మా ఉదయం 10 లోపు మీరు వద్దనకపోతే ఇట్లా చేసేస్తాం" అని మీ నిర్ణయం కూడా జోడించి పంపండి. ఇట్లా తీసుకున్న ప్రతి నిర్ణయాన్నీ తేదీ, ఎవరు, ఎందుకు అని మూడు వరుసల్లో ఒక చోట రాసి పెట్టండి. మూడు నెలల తర్వాత క్లయింటు "ఇట్లా ఎవరు చెప్పారు" అని అడిగిన రోజు దాని విలువ తెలుస్తుంది.

ప్రశ్న: మేం ఎంత బాగా ప్లాను వేసినా గంగజాతరకో బ్రహ్మోత్సవాలకో తప్పిపోతుంది. సగం మంది రారు. క్రమశిక్షణ ఎట్లా తేవాలి? – తిరుపతి

జవాబు: జాతర హఠాత్తుగా వచ్చేది కాదు, మేలో వస్తుందని ఊరందరికీ తెలుసు. ప్లాను వేసినవాడికే గుర్తులేదు. చాటింపు పడ్డాక పొలిమేర దాటకూడదన్న కట్టుబాటును పాటించే కుటుంబాలు తిరుపతిలో ఇప్పటికీ ఉన్నాయి. ఆ వారంలో వాళ్లను చిత్తూరు సైటుకు పంపేలా ప్లాను వేస్తే తప్పు వాళ్లది కాదు.

పనుల ప్లానుకు ముందు మనుషుల క్యాలెండరు వేయండి. ఒక పెద్ద కాగితం మీద నిలువున పేర్లు, అడ్డంగా 52 వారాలు. ప్రతి మనిషీ తాను రాని రోజులు తానే రంగు వేస్తాడు: జాతర, సంక్రాంతి, కనుమ నాడు పశువుల పండగకు సొంతూరు, అయ్యప్ప మాల, అయినవాళ్ల పెళ్లి. బ్రహ్మోత్సవాలప్పుడు మనుషులు వచ్చినా లారీలు సమయానికి రావు, సామాను అంతకు వారం ముందే దిగేలా చూసుకోండి. అధిక మాసం వచ్చిన ఏడాది బ్రహ్మోత్సవాలు రెండుసార్లని మరిచిపోకండి. రంగు సగానికి మించిన వారంలో కొత్త పని మొదలుపెట్టకుండా, మిగిలిపోయినవి ముగించడానికే వాడండి. ఒకే పని తెలిసిన ఇద్దరూ ఒకే వారం రంగు వేస్తే వాళ్లిద్దరే మాట్లాడుకుని తేల్చుకోవాలి. మేనేజరు మధ్యలో దూరితే అది సెలవుల పంచాయితీ అవుతుంది.

ప్రశ్న: ఏ యాప్ కొంటే మంచిది? – పుత్తూరు

జవాబు: మూడు నెలలు గోడ మీద చీటీలతో నడిపి చూడండి. ఖర్చు ఒక థర్మాకోల్ షీటు, గుండుసూదులు, మార్కర్లు. ఆ తర్వాత కూడా రెండో ఊళ్లో యూనిట్ ఉండి, అక్కడివాళ్లు ఈ గోడను చూడలేకపోతుంటే అప్పుడు యాప్ వెతకండి. గోడ మీద మీరు ఏ గడులు వాడారో అవే గడులు పెట్టుకోనిచ్చేది, తెలుగులో టైపు చేయనిచ్చేది, ఫోనులో రెండు నొక్కులకు చీటీ కదిలేది అయితే చాలు. కొనేముందు మీ ఫిట్టరు చేతికిచ్చి ఒక చీటీని "ఆగింది" గడిలోకి మార్చమనండి. నిమిషంలో మార్చలేకపోతే వద్దనుకోండి.